ఒకటి నొక్కని భీమమ్మ

తనూజా, ఇట్లా దగ్గరికి వచ్చి కూర్చో తల్లీ. ఆ ఫ్యాను చప్పుడుకు నా గొంతు సగమే నీకు చేరుతుంది, మిగతా సగం వీధిలో పోయే ఆటోవాడు తినేస్తాడు. ఆ ఫోను బోర్లా పెట్టు. మీ అక్క ప్రణీతను అడిగితే ఈ సంగతిని నాలుగు ముక్కల్లో ముగిస్తుంది. "ఫంక్షన్లు స్క్రిప్టు లోపలికి పోలేదు, పోయేట్టు చేసినా, అయిపాయ" అంటుంది. అయిపోవడం అంత సులువా? ఆ గంట నా లోపల ఇప్పటికీ నడుస్తూనే ఉంది. కన్ను మూసినా అదే, తెరిచినా అదే. అందుకే నేను చెప్తాను, నువ్వు విను.

ఇదిగో, ఆ రోజు ఈ గదిలోనే, ఈ నవారు మంచం అంచునే కూర్చుని ఉన్నాను. కడపలో ఎండ మాడ్చేస్తోంది, వాన చుక్క లేదు, ఎదురు మిద్దె మీద ఎవరో ఎండుమిరపకాయలు కూడా ఆరబోసుకున్నారు. కానీ పైన ఎక్కడో, మనం పేర్లు కూడా వినని ఊళ్లలో పడిన వానంతా పెన్నలోకి దిగుతోందని, డ్యాము నిండిపోయిందని, మధ్యాహ్నానికి గేట్లు ఎత్తుతారని పొద్దున్నే కబురు వచ్చింది. ఈ ఎండలో ఆ మాట నమ్మడానికే మనసు రాదు. మా వయసంతా నీళ్లు రాలేదని ఏడవడంతోనే సరిపోయింది, ఇసుకలో చెలమ తవ్వి చెంబుతో తోడుకున్న చేతులు ఇవి, అదే ఏరు ఇప్పుడు వస్తుందంటే భయపడాలట, ఈ వయసులో ఆ భయం కొత్తగా నేర్చుకోవాలి. ప్రణీత బల్ల దగ్గర కూర్చుంది. ముందు కంప్యూటరు, అందులో నల్లటి కిటికీ, కిటికీలో తెల్లటి అక్షరాలు. ఆ అక్షరాలు నాకు రావు, రెండో తరగతిలోనే నన్ను బడి మాన్పించారు, కానీ ప్రణీత మెడ నాకు చదవడం వచ్చు. భయం వేస్తే ఆ పిల్ల మెడ చిన్నప్పటి నుంచీ ఎడమవైపు వంగుతుంది. ఇప్పుడు వంగి ఉంది.

మన సొంతూళ్లో ఏటి ఒడ్డున నేతగాళ్ల వీధి ఉంది కదా, మీ తాత పుట్టిన వీధి, ఆ వీధికి నీళ్లొచ్చే ముందు ఇంటింటికీ ఫోను పోయేట్టు మీ అక్క, ఆమెతో పనిచేసే వసంతకుమార్ కలిసి ఏర్పాటు చేశారు. నేతగాళ్ల సంఘం నంబరు నుంచి ఫోను మోగుతుంది, ఎత్తితే నా గొంతు వినిపిస్తుంది. మొదట ఎవరో చక్కటి గొంతున్న అమ్మాయి చేత చెప్పించారు. పరీక్షకని పంపిస్తే, బ్యాంకు వాళ్లు అప్పిస్తామంటున్నారనుకుని వీధి వీధంతా ఠక్కున పెట్టేసింది. అప్పుడు ప్రణీత నా నోటి దగ్గర ఫోను పెట్టి, "జేజీ, నువ్వు మనోళ్లను అరిచినట్ల అరువు" అంది. అరిచాను. "ఏరొస్తాండాది. మగ్గం గుంటలోంచి లేయండి. పడుగు పోతే పోనీ, పానం దక్కించుకోండి. బడి మిద్దె మీదికి పోండి. ఇన్నెట్టయితే ఒకటి నొక్కండి." అంతే మాట. ఒకటి నొక్కితే విన్నట్టు లెక్క, నొక్కకపోతే నొక్కేదాకా మళ్లీ మళ్లీ పోవాలి. గుంట మాట ఎందుకు పెట్టామంటే, మన మగ్గాలు నేలలో కదా, గుంటలోకి కాళ్లు దించి కూర్చునే కదా నేసేది, ఏరు పొంగితే నీళ్లు వీధి వెంట తరువాత వస్తాయి, ముందు ఆ గుంట అడుగు నుంచే ఊరతాయి. చెప్పుల్లేని కాళ్లకు చల్లగా తగిలేసరికి మట్టిగోడ వేరు అప్పటికే నానిపోయి ఉంటుంది. ఆ వీధి చివర, ఏటికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న ఇంట్లో మీ తాత చెల్లెలు భీమమ్మ ఉంది. కొడుకు తిమ్మయ్య నేసిన చీరలు అంగట్లో వేయడానికి ప్రొద్దుటూరు పోయాడు. ఒక్కతే ఉంది. మగ్గం మీద ఉంది.

కంప్యూటరు లోపలి గడియారం తనంతట తానే స్క్రిప్టును, అంటే ప్రణీత వరసగా రాసిపెట్టిన పనుల చీటీని, లేపాలి, అది లేచి అందరికీ ఫోన్లు చేయాలి. పని జరిగిందో లేదో తెలియడానికి వరసలో మొదటి నంబరు నాదే పెట్టింది ప్రణీత. నా ఫోను నా ఒడిలో ఉంది. దాన్నే చూస్తున్నాను. వేళ అయింది, దాటింది, ఒడిలో ఉన్నది రాయిలా ఉంది.

"మోగలేదు గదమ్మీ?"

"ఉండు జేజీ."

"నిన్న నా ఎదురుగానే మోగె గదా?"

"నిన్న నేను చేత్తో కొడ్తి జేజీ, ఈ కిటికీలో. పిలుపు అని పేరు పెట్టి ఒక ఫంక్షన్ రాసుకున్నా. ఆ పేరు కొడితే ఫోను చేసే పనంతా జరుగుతాది. కానీ స్క్రిప్టు నడిస్తే అది ఇంకొక కొత్త షెల్లును, అంటే ఇట్లాంటిదే ఇంకొక కిటికీని, లేపుతాది. ఈ షెల్లుకు నేర్పింది దానికి తెలీదు. పిలుపంటే ఏందో నాకు తెలీదని రాస్తాండాది, సూడు."

"ఒకే కంప్యూటరు గదా?"

"మనదీ ఒకే ఇల్లే. నీ మనసులో అనుకుండేది నాకు తెలుస్తాదా?"

తెలియదు. ఎవరికి తెలుస్తుంది? ఒకే ఇంట్లో, ఒకే కంచం పక్కన కంచం పెట్టుకుని తిన్నాం నేనూ మీ తాతా, ఆయనకు ఛాతీలో నొప్పి వస్తోందని నాకు చెప్పిందెవరు, పక్కింటి మహాదేవమ్మ. ఆమెకు చెప్పాడు, నాకు చెప్తే భయపడతానని. భయపడడానికే కదా పెళ్లాం ఉండేది. ఛీ, ఈ వేళ ఆ మాటెందుకు. నా ఫోను తీసి నేనే భీమమ్మకు చేశాను. పచ్చది నొక్కడం నాకు వచ్చు, ఆమె ఫోటో పెట్టింది ప్రణీత, కుంకుమబొట్టు పెద్దగా, నవ్వకుండా. మోగి మోగి ఎత్తింది. వెనక టకటకమని మగ్గం ఆగనేలేదు.

"ఏంది వదినా, ఈ యాళప్పుడు?"

"ఏరొస్తాండాదంట. లెయ్యిమే."

"రానీ. నా పెండ్లయినప్పటి నుంచి రా రా అని పిలుస్తాండాం, ఇప్పుడు తీరిక దొరికిందా దానికి? చెంగు కాడ ఉండా. నాడె మద్దెలో ఉండాది. నువ్వు పోయి అన్నం తిను."

పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. నా ఫోటో కనిపిస్తే ఇక ఎత్తదు. నాడె, అంటే అడ్డపోగును మోసుకుపోయే కర్ర, నిలువుగా పరిచిన పడుగు మధ్యలో ఉండగా లేవకూడదని మా అత్తింటి పట్టు, వాళ్ల నాయన పెట్టిన కట్టడి. నేను కొత్త కోడలుగా వచ్చినప్పుడు దడి అవతల ఆవు ఈనుతుంటే నాడె వదిలి పరుగెత్తానని భీమమ్మే నన్ను నెల పొడుగునా ఎత్తిపొడిచింది. అప్పుడామె జడ వేసుకునే పిల్ల, నాకు మగ్గం నేర్పిన పంతులమ్మ కూడా ఆ పిల్లే. "వదినా, నీ కాళ్లు కొంగ కాళ్లు, గుంటలో మడతలు పడతాండాయి" అని నవ్వేది. నవ్వుతూనే నా చూపుడు వేలు పట్టి పోగు అతకడం నేర్పింది. ఆ చెంగు పూర్తయితే తప్ప లేవదు. సంఘం నంబరయితే నూలు సంగతేమోనని ఎత్తుతుంది, ఎంత పనిలో ఉన్నా ఎత్తుతుంది. ఆ నంబరు నుంచే పోవాలి. అది పోవాలంటే ఆ నల్ల కిటికీ ఒప్పుకోవాలి. నా ఆడబిడ్డ ప్రాణం పోయి పోయి ఆ తెల్లటి అక్షరాల్లో ఇరుక్కుంది.

వసంతకుమార్‌ను ఫోన్లో పిలిచి గొంతు పెద్దది చేసి బల్ల మీద పెట్టింది ప్రణీత. ఆ పిల్లవాడిది పత్తికొండ వైపు, నోరు ఎక్కువ, మనసు మంచిది.

"ఏం ప్రణీతా, నీ ఊరికి నువ్వే మంగళం పాడతాండావా?"

"నవ్వద్దు వసంతూ, టైము లేదు. పిలుపు దొరకలేదంటాండాది."

"నీ షెల్లులో రాసి నీ షెల్లులోనే దాపెట్టుకుంటే దానికెట్ల దొరుకుతాది? ఎక్స్‌పోర్ట్ కొట్టు. పక్కన గీత పెట్టి ఎఫ్. దాని పక్కన పిలుపు. ఆ కిటికీలోంచే స్క్రిప్టును నడుపు. గడియారాన్ని నమ్ముకోవద్దు ఇప్పుడు."

ఎక్స్‌పోర్ట్. ఆ మాట నాకు తెలిసిందే, మామిడికాయలు ఎక్స్‌పోర్ట్ అంటారు, రాజంపేట వైపు లారీలకు బోర్డులుంటాయి, ఊరు దాటించి పంపించడం. ఇక్కడ నేర్చుకున్న పనిని అక్కడికి దాటించడం కాబోలు. ప్రణీత వేళ్లు టకటకలాడాయి, అదీ మగ్గం చప్పుడులాగే ఉంది, కానీ మగ్గం చప్పుడు వింటే నిద్ర వస్తుంది, ఇది వింటే ఒళ్లు జలదరిస్తోంది. ఒక్కసారిగా నా ఒడిలో ఫోను మోగింది. ఎత్తాను. చెవిలో నేను. "ఏరొస్తాండాది. మగ్గం గుంటలోంచి లేయండి." నా గొంతు నన్నే అరుస్తుంటే, నమ్ముతావో లేదో, మంచం మీది నుంచి లేచి నిలబడ్డాను. మా అత్త అరిచినట్టుంది. ఆమె పోయి ఎన్నేళ్లయింది, నా గొంతులోకి ఎప్పుడు దిగింది, ఎవరు దాటించారు?

"కూచో జేజీ, కూచో. ఒకటి నొక్కు."

నొక్కాను. కిటికీలో నా పేరు పచ్చగా మారింది. దాని కింద వరసగా వీధి వీధంతా లేస్తోంది. మునీంద్ర పచ్చ. మహాదేవమ్మ కోడలు పచ్చ. రామలింగప్ప ఇల్లు పచ్చ. ప్రణీత ఒక్కొక్క పేరూ చదువుతుంటే ఆ ఇంటి గడప, ఆ ఇంటి మగ్గం, పిల్లను సంకనేసుకుని బయటపడుతున్న ఆ ఇంటి కోడలు నా కళ్లముందు. నేను అడుగుతూనే ఉన్నాను, భీమమ్మ, భీమమ్మ, భీమమ్మ ఏదీ అని. ఆ పిల్లకు విసుగొచ్చినా పైకి అనలేదు. చివరికి చదివింది.

"ఎత్తింది జేజీ. నొక్కలేదు."

"ఎత్తితే ఇన్నట్టే గదా?"

"ఇనొచ్చు. లేసిందో లేదో మనకేం తెలుసు? నొక్కలేదు గాబట్టి మళ్ళీ పోతాది చూడు."

చూశాం. పోలేదు. ఎర్రగా ఒక వరస పడింది, ప్రణీత మెడ ఎడమకు వంగిపోయింది. ఏమైందంటే, ఒకటి నొక్కని వాళ్లకు తిరిగి ఫోను చేయడానికి ఇంకొక ఫంక్షన్ ఉంది, దాని పేరే 'మళ్ళీ'. పిలుపు తన పని తాను చేసి, చివర్లో మళ్ళీని పిలుస్తుంది. పిలుపును అవతలికి పంపించింది కానీ, అది ఎవరి మీద ఆనుకుని నడుస్తుందో ఆ రెండోదాన్ని ఈ గడపలోనే వదిలేసింది. అక్కడికి పోయి పిలుపు మళ్ళీని కేకేస్తే పలికేవాళ్లు లేరు. చెప్తూ చెప్తూ తన నెత్తి మీద తానే కొట్టుకుంది.

"దాన్నీ ఎక్స్‌పోర్ట్ కొట్టు బిన్నా, గేట్లు ఎత్తేసినారంట!" అన్నాడు వసంతకుమార్.

"వద్దు వసంతూ. దాని లోపల ఇంకొకటుంటే? ఇంకొకటి మరిస్తే? నా కంప్యూటరే ఆరిపోతే? అన్నీ ఒకే ఫైల్లో పెట్టి స్క్రిప్టు తలమీదే సోర్స్ అని రాస్తా. ఎవురు లేపినా సరే, లేసినెంబడి ముందు ఆ ఫైలు చదువుకొని, ఆమీన పనికి దిగుతాది."

"అది చదువుకొనే లోపల ఏరు వచ్చి పాస్ అయిపోతాది."

"రొంతసేపు నోరు మూసుకో నాయనా."

"మూసుకుంటా గానీ, ఫైలుకు పూర్తి దారి రాయి. అది యా గదిలో లేస్తాదో దానికే తెలీదు."

గేట్లు ఎత్తేశారట. ఆ మాట ఒక్కటే నా చెవిలో ఉండిపోయింది. ప్రణీత రాస్తోంది, తుడుస్తోంది, రాస్తోంది. నేను మళ్లీ భీమమ్మకు చేశాను, ఆ నంబరు వేరొకరితో మాట్లాడుతోందని ఒక ఆడపిల్ల గొంతు, తీయగా, తొందరేమీ లేనట్టు. ఎవరితో మాట్లాడుతోంది ఈ వేళ? పెట్టి మళ్లీ చేశాను. అదే పిల్ల. కళ్లు మూసుకుంటే ఆ గుంట కనిపిస్తోంది, అంచులు మా కాళ్ల రాపిడికి నున్నబడిన గుంట, ఎండాకాలం అందులోకి కాళ్లు దించితే బావిలో దించినంత చల్లన, దాని గోడకు చిన్న గూడు చేసి భీమమ్మ వక్కాకు దాచుకునేది, ఆ గూటిలోకి నీళ్లు వస్తున్నాయి, వక్కలు తేలుతున్నాయి, ఆమె కాళ్లు నీళ్లలో ఉన్నాయి, పైన చేతులు చెంగు నేస్తున్నాయి, ఎర్రంచు, పచ్చ కడ్డీ, ఎర్రంచు. పడుగు అయిపోతే మగ్గం అచ్చు పళ్లలో పాత పోగులు కొంచెం మిగిల్చి, కొత్త పడుగును పోగుకు పోగు వాటికి అతుకుతాం, కొత్తది పాతదాని వెంట నడిచి వస్తుంది. మీ అక్క చేస్తున్నదీ అట్లాంటిదేమో అనుకున్నాను ఒక క్షణం. కాదులే. అక్కడ పోగు నా వేలికి తగులుతుంది, తెగితే తెగినట్టు చేతికి తెలుస్తుంది. ఇక్కడ నా చేతికి ఏదీ తగలదు. వీధివాళ్లు తలుపు తట్టి ఉండరా? తట్టరు, కొడుకుతో పాటు ప్రొద్దుటూరు పోయి ఉంటుందనుకుంటారు. ఆ మగ్గం చప్పుడు? అందరి అరుపుల్లో ఆ చప్పుడెవరికి వినిపిస్తుంది. గంగమ్మా, నిన్ను రమ్మని మొక్కింది మేమే, ఆమె మొక్కు కూడా నేనే వెనక్కి తీసుకుంటాను, ఆమె ఇంటి వరకు రాకు తల్లీ.

"నడుస్తాండాది జేజీ!"

కిటికీలో వరసలు కదిలాయి. పచ్చగా ఉన్నవాళ్లను దాటుకుని, మిగిలినవాళ్లకే పోతోంది. ప్రణీత నా చెయ్యి పట్టుకుంది.

"భీమవ్వ ఎత్తింది. నొక్కలేదు. మళ్ళీ పోయింది. ఎత్తింది. నొక్కలేదు. మళ్ళీ పోయింది..."

"ఊ?"

"దొరకలేదు."

"దొరకలేదంటే?"

వసంతకుమార్ నోరు మూసుకుంటే ఎంత భయమో అప్పుడు తెలిసింది. ఎదురు మిద్దె మీద మిరపకాయలు ఎర్రగా మండుతున్నాయి. ఎవరో ఆడమనిషి వాటిని కాలితో తిరగదోస్తోంది, దానికేం తెలుసు. తిమ్మయ్యకు ఏం చెప్పాలి? నాకు మగ్గం నేర్పిన మనిషి, నా పెళ్లికి నా వేలు పట్టుకుని ఇల్లంతా తిప్పి ఇది ఉప్పు, ఇది పప్పు అని చూపించిన మనిషి, మీ తాత పోయిన రోజు నన్ను ఏడవనివ్వకుండా తానే నా వంతు కూడా ఏడ్చిన మనిషి. దొరకలేదు. మనిషిని అంత చిన్న మాటతో ముగిస్తారా? నా గొంతు మూడుసార్లు పోయింది ఆమె చెవికి, మూడుసార్లూ విన్నది, లేవలేదు, నేనే ఏదో తక్కువగా అరిచాను, ఇంకా గట్టిగా అరవాల్సింది, తిట్టాల్సింది.

ఒడిలో ఫోను. పెద్ద బొట్టు, నవ్వని ముఖం. నా వేలు పచ్చదాని మీద పడదే! ప్రణీతే నొక్కింది.

"వదినా! నువ్వేనా? నువ్వు నువ్వేనా?"

"నేనేమే. యాడ సచ్చినావే నువ్వు?"

"నీకేం కాలేదా? నోరు తిరుగుతాండాదా? ఏదీ, నా పేరు చెప్పు."

"భీమీ! యాడుండావంటే!"

"బడికాడ. కడప బస్సుకని పరిగెత్తుకొస్తి, బస్సుల్లేవంట, మునీంద్రగాడు రెక్కపట్టి ఈ మిద్దె ఎక్కించినాడు. దింపమంటే దింపడు."

"కడప బస్సెందుకే నీకు?"

"ఎందుకా? సంఘమోళ్ల నంబర్లోంచి మాట్లాడతావు. ఈ మనిషి ఆడేం చేస్తాండాది అనుకుంటి. వదినా చెంగు కాడ ఉండా అంటే ఒకటి నొక్కమంటావు. తిన్యావా అంటే ఒకటి నొక్కమంటావు. పెట్టేస్తే మళ్ళా చేసి మళ్ళా అదే మాట, ఒక అక్షరం మారల్యా. మా నాయనకు పక్షవాతం వచ్చినప్పుడు ఇట్లనే గదా, ఒకే మాట పట్టుకొని తిప్పి తిప్పి చెప్పె. మూడో తూరికి నా గుండె ఆగిపాయ. వదినకొచ్చేసిందిరా దేవుడా అనుకుంటి. మొదటి తూరి అయినప్పటి నుంచి నీకు చేస్తాంటే, నువ్వూ నాకే చేస్తాంటివేమో, ఎప్పుడు చేసినా బిజీ. నాడె యాడ ఇడిస్తినో, తలుపేస్తినో లేదో, చెప్పుల్లేవు కాళ్లకు..."

మాట ఆగింది. ఆమె వెనక పెద్ద చప్పుడు, గాలి కాదు, లారీ కాదు, ఎప్పుడూ వినని చప్పుడు. మనుషులంతా ఒక్కసారిగా "ఓ" అన్నారు.

"వదినా," అంది చివరికి, చిన్నపిల్ల గొంతుతో. "మా గోడ పడిపాయ. మగ్గం మీదికే."

"పోనీ."

"చెంగు జానెడే ఉండె."

"పోనీమే, పోనీ. నువ్వుండావు."

ప్రణీత బల్ల మీద తల పెట్టి ఏడుస్తోంది. ఫోన్లోంచి వసంతకుమార్, "ఏమాయ? ఎవురన్నా చెప్పండబ్బా, ఏమాయ?" అని అరుస్తూనే ఉన్నాడు. మిరపకాయల ఘాటు గదిలోకి వచ్చింది, నాకు తుమ్ములు, ఏడుపు, అన్నీ ఒక్కసారే.

అది తల్లీ సంగతి. ఊళ్లో అందరూ ఏరు వస్తుందని విని భీమమ్మ లేచిందంటారు, నేను బతికుండగానే ఇట్లా చెప్పుకుంటున్నారు, నేను పోయాక ఇంకెలాగో చెప్పుకుంటారు. నువ్వు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఏటికి లేవలేదు ఆ మనిషి. వదినకు ఏమైపోయిందో అని లేచింది. ఆ భయం పుట్టేదాకా నా గొంతును మళ్లీ మళ్లీ పంపించింది మీ అక్క, ఆ పేరూ మరవకుండా చెప్పు. నీ పిల్లలకు చెప్పు, వాళ్ల పిల్లలకు చెప్పమని చెప్పు. ఏదీ, ఇప్పుడొకసారి నాకే చెప్పు చూద్దాం. నేను వింటాను. ఎక్కడి నుంచి మొదలుపెడతావు?